బిడ్డ బరువు వెనక ఏముంది?

చిరంజీవి సింధుకు,

ఐవీఎఫ్‌తో పుట్టిన పిల్లలు తక్కువ బరువుంటారన్నది నిజమేనా అని అడిగావు. ఎంబ్రియాలజీ ల్యాబులో అడుగుపెట్టిన దానివి, ఇది నీకు వివరంగానే తెలియాలి.

తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ 1978 జులై 25న ఇంగ్లండులోని ఓల్డమ్‌లో పుట్టింది. బరువు 2.6 కిలోలు. రెండున్నర కిలోల లోపుంటేనే తక్కువ బరువంటాం కనుక ఆ లెక్కన ఫర్వాలేదు. తర్వాతి కాలంలో తక్కువ బరువు బిడ్డలు ఎక్కువగానే కనబడ్డారు. అందులో పెద్ద వాటా కవలలది. గర్భసంచిలో రెండు మూడు పిండాలు ఒకేసారి వేసేవారు, కాన్పు నెలలు నిండకుండానే వచ్చేది. ఒక్క పిండం వేస్తే చాలావరకు తప్పే కష్టం అది.

కానీ ఒక్క బిడ్డే పుట్టినా కాస్త తేడా మిగులుతోంది. అది వైద్యం వల్లా, పిల్లలు కలగకపోవడానికి తల్లిదండ్రుల్లో ఉన్న కారణం వల్లా? నార్వేవాళ్లు దీన్ని చక్కగా విడదీశారు. ఒక బిడ్డ మామూలుగా, ఇంకో బిడ్డ వైద్యంతో కలిగిన తల్లులను తీసుకుని, తోబుట్టువులనే పోల్చారు. 2008లో వచ్చిన ఆ ఫలితంలో తేడా 9 గ్రాములే. 2011లో డెన్మార్క్‌వాళ్లు అలాగే పోలిస్తే 65 గ్రాములు తేలింది. కాబట్టి తల్లిదండ్రుల పాత్ర ఉంది, వైద్యానిదీ కొంత ఉంది.

డెన్మార్క్ లెక్కల్లోనే మరో సంగతి బయటపడింది. ఫ్రీజ్ చేసిన పిండంతో పుట్టిన బిడ్డ, తాజా పిండంతో పుట్టిన తన తోబుట్టువు కన్నా సగటున 167 గ్రాములు ఎక్కువ తూగింది. అండాలు ఎక్కువ రావాలని ఇచ్చే ఇంజెక్షన్లతో ఆ నెల తల్లి ఒంట్లో హార్మోన్లు విపరీతంగా పెరుగుతాయి. గర్భసంచి లోపలి పొర మీద ఆ ప్రభావం పడుతుందని, పిండాన్ని దాచి తర్వాత వేస్తే అది తప్పుతుందని అనుకుంటున్నారు. అలాగని ఫ్రీజింగే మేలని తీర్మానించకు. ఆ పద్ధతిలో మరీ పెద్ద బిడ్డలు, గర్భిణికి బీపీ పెరగడం ఎక్కువ.

ఇక నీ చేతి పని. పిండం తొలి రోజులు గడిపే కల్చర్ ద్రవం కూడా బరువును మారుస్తుంది. నెదర్లాండ్స్‌లో దంపతులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, రెండు రకాల ద్రవాల్లో పిండాలను పెంచారు. 2016లో ఫలితం వచ్చింది: పుట్టిన బిడ్డల బరువులో తేడా సగటున 158 గ్రాములు! డిష్‌లో ఉన్నది కొద్ది రోజులే, గుర్తు మాత్రం తొమ్మిది నెలల తర్వాత తూకంలో కనిపించింది. అలాంటి ద్రవంలో ఏది ఎంత కలిపారో చాలా కంపెనీలు పూర్తిగా చెప్పవు. చెప్పి తీరాలని నా గట్టి అభిప్రాయం.

బిడ్డ సన్నగా పుడితే తన వల్లే అని కుమిలిపోయే తల్లి నీకు తప్పకుండా ఎదురవుతుంది. ఆమెకు ఈ గ్రాముల లెక్క అర్థమయ్యేలా చెప్పు. సగటున ఇవి చిన్న తేడాలని, అసలు ప్రమాదం నెలలు నిండకుండా పుట్టడంలో ఉందని చెప్పు. గర్భం నిలిచిందన్న కబురుతో మాత్రం ఫైలు మూయకు. కాన్పయ్యాక ఫోన్ చేసి ఎన్నో వారంలో పుట్టిందో, ఎంత తూగిందో కనుక్కో. పిండం తాజాదా, ఫ్రీజ్ చేసిందా, ఏ ద్రవంలో పెరిగింది అన్న వివరాల పక్కనే అవీ రాసిపెట్టు.

ఇట్లు,
మీ మావయ్య