సభ్యుల పాఠం: వయస్సు, స్థితిగతులు – మనస్సు ఆరోగ్యం



గేదె ఒక పూట మేత మానితే వెంటనే పశువైద్యునికి కబురు పెడతాము. ఇంటిలో మనిషి తిండి, నిద్ర, మాట మాని మూల కూర్చుంటే మాత్రం "గాలి సోకింది" అనో, "ఒళ్ళు వంగదు" అనో సరిపెట్టుకుంటాము. ఈ పొరపాటు వలన కలిగే నష్టం పెద్దది.

1. వయస్సు: విజయ డెయిరీ వలన మనకందరికీ తెలిసిన లాలాపేట పక్కనే తార్నాక, దాని చెంతనే 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం. పాల బిల్లుతో ఫీజు కట్టి పంపిన పల్లె బిడ్డలెందరో అక్కడి హాస్టళ్ళలోను, అద్దె గదులలోను ఉంటున్నారు. 2005లో వెలువడిన ఒక అమెరికా సర్వే ప్రకారం మానసిక రుగ్మతలలో నాలుగింట మూడు వంతులు 24 ఏళ్ళలోపే మొదలవుతాయి. అంటే సరిగ్గా ఆ చదువుల వయస్సులోనే.

2015-16లో నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రాలలో జాతీయ సర్వే జరిపింది. తెలుగు రాష్ట్రాలు అందులో లేవు. పెద్దలలో 10.6 శాతం మందికి ఏదో ఒక రుగ్మత ఉన్నట్లు తేలింది. 40-49 ఏళ్ళవారిలో ఇది ఎక్కువ. పిల్లల చదువు, పెళ్ళి, అప్పు, తల్లిదండ్రుల ముసలితనం ఒక్కసారే మీదపడే వయస్సు అది.

2. స్థితిగతులు: తక్కువ ఆదాయం గల కుటుంబాలలో రుగ్మతలు ఎక్కువని అదే సర్వే చెప్పింది. లేమి మనస్సును కుంగదీస్తుంది. కుంగినవాడు పనికి పోలేక మరింత లేమిలో పడతాడు. అమెరికాలో హాలింగ్స్‌హెడ్, రెడ్లిక్ అనువారు 1958లో మరొక సంగతి చూపారు: కలిగినవారికి వైద్యుడు కూర్చొని మాట్లాడే చికిత్స దొరికితే, లేనివారు ప్రభుత్వాసుపత్రులలో ఏళ్ళ తరబడి ఉండిపోయారు.

3. చేయవలసినవి: కొడుకుకో కూతురికో ఫోను చేసినపుడు మార్కుల కంటె ముందు నిద్ర, తిండి గురించి అడగండి. చావు మాట ఎత్తితే తేలికగా తీసుకోవద్దు. తనిఖీలో మేము పాల రిజిస్టరు చూస్తాము. రోజూ పాలు పోసే సభ్యుడు కారణం లేకుండా మానితే కార్యదర్శి అతని ఇంటికి వెళ్ళి పలకరించవలెను. "ఎర్రగడ్డకు పంపాలి" అనే ఎగతాళి మానవలెను. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ వైద్యశాల, అక్కడికి పోవుట సిగ్గుపడే విషయం కాదు. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా, ఏ వేళనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చును.

సభలో చర్చించండి: మన సంఘంలో ఈ నెల పాలు పోయడం మానినవారెవరు? వారిని ఎవరు పలకరించారు?