గృహ సర్వరు: రెండవ ప్రతి

విద్యార్థులారా! ఇంటి ఛాయాచిత్రములను, లేఖలను ఒక్కచోట దాఁచి, ఇంటివారందఱకు నందించు కంప్యూటరునకు గృహ సర్వరని పేరు. దానియందు రెండు డిస్కు లమర్చి, వ్రాసిన దెల్ల రెంటను వ్రాయింతురు. ఒకటి చెడినను రెండవది పని జరపును. ఇట్టి డిస్కుల కూర్పులకు 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయమువారగు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు తమ వ్యాసమున రెయిడ్ అను పేరిడిరి.

అయినను ఇంతటితో నిశ్చింతగా నుండరాదు. గతించిన తాతగారి చిత్రమును పొరబాటున తుడిచివేసినచో, అది రెండు డిస్కులనుండియు నొక్కమాఱే పోవును. పిడుగు పడినను, దొంగలు వచ్చినను రెండును గలసియే నశించును. కావున వేఱొక డిస్కుపై ప్రతి తీసి, సర్వరునుండి విడఁదీసి, బంధువుల యింట నుంచవలెను. అప్పుడప్పుడు దానిని తెఱచి పరీక్షింపవలెను. అక్కఱకు తెఱువరాని ప్రతి యున్నను లేనట్లే.