తీగ నుండి తరంగమునకు

మానవుడు తన కంఠధ్వనిని దూరమునకు పంపనేర్చి నూటయేబది సంవత్సరములు కావచ్చినది. తొలుత ఒక గోడకు, ఒక బల్లకు కట్టుబడిన దూరవాణి నేడు మనిషి జేబులోనికి వచ్చినది. ఈ మార్పు ఎట్లు సంభవించినదో మన విద్యార్థులకు స్థూలముగా తెలుపుట ఈ వ్యాసోద్దేశము.

1876లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ ధ్వనిని విద్యుత్ప్రవాహముగా మార్చి తీగ గుండా పంపెను. 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో ఎక్స్ఛేంజీలు వెలసినవి. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య ఎస్.టి.డి. ప్రారంభమైనను, అనేక గ్రామములకు బహుకాలము వరకు ట్రంకు కాలే గతి. బుక్ చేసి, ఆపరేటరు పిలుపునకై గంటలకొలది నిరీక్షించవలసి వచ్చెడిది.

విద్యుదయస్కాంత తరంగములను మాక్స్‌వెల్ సిద్ధాంతరీత్యా ఊహింపగా, హెర్ట్జ్ ప్రయోగపూర్వకముగా నిరూపించెను. అయినను అందరికీ నిస్తంత్రి ఫోను వెంటనే సాధ్యపడలేదు. కారణమేమి? వాడుకొనదగిన పౌనఃపున్యములు పరిమితములు. కళాశాలకంతకు ఒకే లౌడ్‌స్పీకరు ఉన్నచో ఒకే ఉపన్యాసము సాగును. ప్రతి అధ్యాపకుడు తన గదికి చాలినంత స్వరముతో మాట్లాడినచో ఏకకాలమున పది పాఠములు సాగును. 1947లో బెల్ ప్రయోగశాలలో రూపొందిన ఆలోచన ఇట్టిదే. నగరమును చిన్న చిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్క దానిలో స్వల్పశక్తి గల కేంద్రము నెలకొల్పినచో, దూరదూరముగానున్న భాగములలో అవే పౌనఃపున్యములను మరల వాడవచ్చును. ఆ భాగమే ‘సెల్’. సంభాషించువాడు ఒక సెల్ దాటి మరొక దానిలో ప్రవేశించినపుడు, మాట తెగకుండ ఒక కేంద్రము మరియొక కేంద్రమునకు అప్పగించును.

1973 ఏప్రిల్ 3న మార్టిన్ కూపర్ న్యూయార్కు వీధిలో నిలిచి, కిలోగ్రామునకు మించిన బరువుగల ఫోనుతో మాట్లాడెను. 1979లో టోక్యోలో వాణిజ్య సెల్యులర్ సేవ ఆరంభమైనది. మన దేశమున 1995 జూలై 31న కలకత్తా నుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో తొలి సంభాషణ జరిపిరి. ఆనాడు వచ్చిన పిలుపునకు సైతము రుసుము చెల్లించవలెను. 2003లో ఆ భారము తొలగిన పిదప ఫోను సామాన్యునికి మరింత చేరువైనది.

ఇంతమాత్రమున తీగ అంతరించెనని తలచరాదు. చేతిలోని ఫోను నుండి టవరు వరకే మాట గాలిలో పయనించును. పిదప అది చాలవరకు భూమిలోని గాజుపోగుల గుండా, ఖండములు దాటునపుడు సముద్రగర్భపు కేబుళ్ల గుండా సాగును.

ఒకప్పుడు గల్ఫు నుండి కుమారుడు వ్రాసిన ఉత్తరమును చదివించుకొనుటకు అక్షరజ్ఞానము లేని తల్లి పొరుగువారి గడప ఎక్కెడిది. నేడు ఆమె కుమారుని కంఠమునే వినుచున్నది. ఇది గొప్ప మేలు. కాని అనేక గృహములలో ఫోను తండ్రి చేతనో, సోదరుని చేతనో ఉన్నది. ఉపకార వేతనపు గడువును ఫోనులో మాత్రమే తెలిపినచో, ఆ వార్త విద్యార్థినికి చేరినదని ఎట్లు చెప్పగలము? అందుచేత నోటీసు బోర్డును, తరగతిలో చదివి వినిపించు పద్ధతిని విడువరాదని కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము. సాధనము వ్యక్తిగతమైనను, అది ప్రతి వ్యక్తికి అందువరకు మన బాధ్యత తీరదు.