పెరటి తేనెటీగలు – పొరుగింటి హద్దు

మానవుడు నగరాలను నిర్మించుకొన్నాడు గాని పల్లెను పూర్తిగా విడిచి రాలేదు. డాబామీద తులసికోట, పెరటిలో కరివేపాకు చెట్టు, వీలైతే నాలుగు కోళ్లు ఆ పాత బంధానికి ఆనవాళ్లు. అయితే పల్లెలో మేలుకొలుపైన కోడికూత ఇరుకు వీధిలో పక్కింటివారికి నిద్రాభంగమవుతుంది. తన స్థలంలో జీవులను పెంచుకొనే స్వేచ్ఛకూ, పొరుగువారి ప్రశాంతతకూ మధ్య గీత ఎక్కడ గీయాలి? అమెరికాలోని రెండు నగరాలు ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానాలు పరిశీలించదగినవి.

న్యూయార్కు నగరం 1999లో తేనెటీగలను ప్రమాదకర జంతువుల జాబితాలో చేర్చింది. సింహాలు, మొసళ్లు, విషసర్పాల సరసన తేనెటీగ! ఉల్లంఘించినవారికి 2,000 డాలర్ల వరకు జరిమానా. అయినా పెంపకం ఆగలేదు. డాబాల మీద రహస్యంగా సాగింది. రహస్యంగా ఉన్న పెట్టెను తనిఖీ చేసేవారుండరు. ఈ విధంగా నిషేధమే ప్రమాదాన్ని పెంచిందని నా అభిప్రాయం. 2010 మార్చిలో నగర ఆరోగ్య మండలి ఆ నిషేధాన్ని సడలించి, సాధు స్వభావం గల ఏపిస్ మెల్లిఫెరా జాతిని మాత్రం అనుమతించింది. పెట్టెల వివరాలను ఆరోగ్యశాఖ వద్ద నమోదు చేయాలని నియమం విధించింది.

అదే సంవత్సరం సియాటిల్ నగరం తన నియమాలను సవరించింది. ఇంటికి మూడుగా ఉన్న కోళ్ల పరిమితిని ఎనిమిదికి పెంచి, కొత్తగా పుంజులను పెంచరాదన్నది. ఇందులో అన్యాయమేమీ లేదు. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అవసరం లేదు. ఆ గుడ్డు పిల్ల కావాలంటేనే అవసరం.

తేనెటీగల విషయంలో ఆ నగరం మరింత సూక్ష్మంగా ఆలోచించింది. 10,000 చదరపు అడుగుల లోపు స్థలంలో, అంటే మన లెక్కలో దాదాపు 1,100 చదరపు గజాలలో, నాలుగు పెట్టెలకు మించరాదు. పెట్టె సరిహద్దుకు 25 అడుగుల దూరంలో ఉండాలి. అంత చోటు లేకపోతే ఆరడుగుల కంచె గాని దట్టమైన పొద గాని అడ్డుగా ఉండాలి. లేదా పెట్టెను ఎనిమిది అడుగుల ఎత్తున ఉంచాలి. కంచె ఈగను ఆపగలదా అని మీకు సందేహం రావచ్చు. ఆపడం దాని పని కాదు. పెట్టెనుండి వెలువడిన ఈగ అడ్డు తగిలితే పైకి లేస్తుంది. ఆపై మనుషుల తలలకు ఎగువనే సాగిపోతుంది. ఈగ నడకను ఎరిగినవారు రాసిన నియమమిది.

చట్రాలు బయటికి తీయగల పెట్టెలనే వాడాలన్న నియమం వెనుక ఒక చరిత్ర ఉంది. పట్టుకూ పట్టుకూ మధ్య ఈగ తిరగడానికి కావలసిన సందును 1851లో లాంగ్‌స్ట్రాత్ గుర్తించాడు. మరుసటి ఏడు అటువంటి పెట్టెకు పేటెంటు పొందాడు. చట్రం తీసి చూడగలిగితే లోపల రద్దీ తెలుస్తుంది. రద్దీ మితిమీరితే పాత రాణి సగం పరివారంతో వలస వెళుతుంది. ఆ గుంపు కడుపునిండా తేనె తాగి ఉంటుంది, కాపాడుకోవలసిన ఇల్లు దానికి లేదు. కనుక అరుదుగా కుడుతుంది. కాని తన చెట్టుకొమ్మకు వేలాడే వేల ఈగలను చూసిన పొరుగింటి ఇల్లాలికి ఈ శాస్త్రం చెప్పి ఒప్పించగలమా?

సంస్కృతంలో తేనెకు ‘క్షౌద్రం’ అని ఒక పేరు. క్షుద్ర, అనగా చిన్న ఈగ, చేసినది అని అర్థం. చరకుడు తేనెను నాలుగు విధాలుగా విభజించాడు. ఈగలన్నీ ఒకటి కావని మన ప్రాచీనులు ఎరుగుదురు. మన నగరాలలో ఈ భేదాన్ని మరచిపోతున్నాము. భవనాల బాల్కనీల కింద వేలాడే పెద్ద పట్టు కొండ తేనెటీగలది. ఆ జాతి పెట్టెలో ఇమడదు. పెట్టెలలో పెంచేవి భారతీయ తేనెటీగలు, ఐరోపా తేనెటీగలు. కొండ ఈగను చూసి కలిగిన భయంతోనే చాలామంది పెట్టె ఈగనూ కాదంటారు. సియాటిల్ నియమాలను యథాతథంగా తెచ్చుకొంటే మన సమస్య సగమే తీరుతుంది. ఆరడుగుల కంచె పెట్టెలోని ఈగను పైకి మళ్లిస్తుంది గాని, అయిదవ అంతస్తున వేలాడే పట్టును ఏమీ చేయలేదు.