నీడ ఎటు పడింది?

సోలార్ ప్లాంట్ల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు థిన్ ఫిల్మ్ ప్యానెళ్ల గురించి అడుగుతుంటారు. నేను నష్టపోయి నేర్చుకున్నవి చెబుతాను.

1. "థిన్ ఫిల్మ్ నీడను తట్టుకుంటుంది" అని అమ్మేవాళ్లు అంటారు. అందులో సగం నిజం. నీడ అనుకూలంగా పడితే సిలికాన్ ప్యానెల్ కంటే ఇది ఎక్కువ కరెంటే ఇస్తుంది. మిగతా సగం వాళ్లు చెప్పరు.

2. ప్యానెల్‌ను దగ్గరికెళ్లి చూడండి, సన్నటి గీతలు కనిపిస్తాయి. రెండు గీతల మధ్య పట్టీయే ఒక సెల్. వెడల్పు సాధారణంగా సెంటీమీటరు లోపే, పొడవు మాత్రం ఈ అంచు నుంచి ఆ అంచుదాకా. లేజర్‌తో గీసి, పట్టీలన్నిటినీ సిరీస్‌లో కలిపేస్తారు. మామూలు సిలికాన్ ప్యానెల్లో 20, 24 సెల్స్‌కు ఒక బైపాస్ డయోడ్ కాపలా ఉంటుంది. ఇక్కడ పట్టీల మధ్య డయోడ్ పెట్టే చోటే లేదు. జంక్షన్ బాక్సులో ఒకటి ఉన్నా అది మొత్తం ప్యానెల్ కోసం, లోపలి పట్టీని కాపాడదు.

3. అనంతపురం వైపు ఒక ప్లాంటులో సీఐజీఎస్ ప్యానెళ్లు (థిన్ ఫిల్మ్‌లో ఒక రకం) కడుగుతున్నాం. టీ వచ్చిందని పిలిస్తే తుడుపుకర్రను ప్యానెల్‌కే ఆనించి వెళ్లాను. కర్ర నీడ సరిగ్గా పట్టీల వెంబడే పడింది. నీడలో ఉన్న పట్టీ కరెంటు పుట్టించలేదు, ఎండలో ఉన్నవి మాత్రం తమ కరెంటును దానిలోంచే తోస్తాయి. అప్పుడు దాని వోల్టేజీ తిరగబడుతుంది. పొరలో బలహీనంగా ఉన్న చోట కరెంటు గుమిగూడి, కాలి, షార్ట్‌గా మారుతుంది. నేను తిరిగొచ్చి కర్ర తీసేశాను, ఏమీ జరగలేదనుకున్నాను. ఆ ప్యానెల్ మళ్లీ పాత వాటేజీకి రాలేదు. లోపలి దెబ్బల్ని చూపించే ఎలక్ట్రోలూమినెసెన్స్ ఫొటో తీస్తే పురుగు పాకినట్టు నల్లటి చార! గట్టిగా తిట్లు తిన్నాను, తినాల్సినవే.

4. థిన్ ఫిల్మ్‌లో అన్ని రకాలూ ఒకేలా దెబ్బతినవు. నా భయమంతా సీఐజీఎస్‌తోనే.

5. నీడ ఎంత పడిందని కాదు, ఎటు పడిందని అడగండి. పట్టీలకు అడ్డంగా పడి అన్నిటినీ సమానంగా కోస్తే ఆ మేరకు ఉత్పత్తి తగ్గుతుంది, అంతే. పట్టీ వెంబడి పడి ఒకటి రెండింటిని పూర్తిగా మూసేస్తేనే ముప్పు. అందుకే పట్టీలు నిలువుగా వచ్చేలా బిగించమంటాను. వాన వెలిశాక కింది అంచున మట్టి పేరుకుంటుంది. ముందు వరస నీడ కూడా పొద్దున్నే కింది అంచునే తాకుతుంది. పట్టీలు నిలువుగా ఉంటే ఆ నష్టాన్ని అన్నీ కొంచెం కొంచెం పంచుకుంటాయి. అడ్డంగా ఉంటే కింది పట్టీ ఒక్కటే బలి.

6. నీడ పడే పనేదైనా ఉంటే ముందు డీసీ ఐసొలేటర్ ఆపండి. కరెంటు పారకపోతే నీడలోని పట్టీని తోసేదేమీ ఉండదు. నేను ఆ రోజు చేయనిది ఇదే.

7. డాబాల మీద చీపురుకర్ర, నిచ్చెన, బట్టల దండెం, డిష్ యాంటెనా కడ్డీ. ఇవన్నీ సన్నటి నీడలే, వీటినే ఎవరూ లెక్కచేయరు.

మీ డాబా మీద థిన్ ఫిల్మ్ ఉంటే రేపు ఉదయం ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి పైకెక్కండి. గీతలు ఎటున్నాయో, నీడ ఎటు పడుతోందో చూసి రండి.