కొలబద్ద కంటే ముందు వచ్చిన వరదలు

ఈసీఈ చదివిన నేను జర్మనీలో ఒక పరిశోధన బృందంలో చేరి రెండేళ్ళవుతోంది. ‘సెక్యూరిటీ రీసెర్చ్’ అనగానే మన వాళ్ళందరికీ హ్యాకర్లే గుర్తొస్తారు. యూరోపియన్ యూనియన్ దృష్టిలో ఆ మాటకి అర్థం ఇంకా పెద్దది. 2021 నుంచి 2027 దాకా నడిచే హొరైజన్ యూరప్ పథకంలో పౌర భద్రతకి ఒక విభాగమే ఉంది. సరిహద్దులు, నేరాలు, సైబర్ దాడులతో పాటు విపత్తులు కూడా అందులోకే వస్తాయి. దెబ్బ తిన్న ఊరు ఎలా తట్టుకుంటుంది, మళ్ళీ ఎలా నిలబడుతుంది అన్నదే మా ప్రశ్న.

ఉదాహరణకి ఆర్ లోయనే తీసుకుందాం. ఆర్ అనేది రైన్‌లో కలిసే చిన్న నది. 2021 జులై 14 రాత్రి వచ్చిన వరదకి ఆ లోయలో 130 మందికి పైగా చనిపోయారు. సమాచారం లేక కాదు. యూరప్ వరద హెచ్చరిక వ్యవస్థ జులై 10 నుంచే అధికారులకి సూచనలు పంపింది. ఆల్టెనార్ దగ్గరున్న కొలబద్ద అయితే 5 మీటర్లు దాటి చూపించి, తర్వాత తానే పనిచేయకుండా పోయింది. అంతకుముందు అక్కడి రికార్డు 2016లో నమోదైన 3.71 మీటర్లు.

అసలు కిటుకు ‘రికార్డు’ అన్న మాటలోనే ఉంది. కొలతలు మొదలైంది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. 1804లో, 1910లో అదే లోయలో ఘోరమైన వరదలు వచ్చాయి, మనుషులు పోయారు. కానీ ప్రమాద పటాలు గీసేటప్పుడు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. వందేళ్ళ వరద అంటే ఏ ఏడైనా 1 శాతం అవకాశం ఉన్న వరద. ఒకసారి 0.99ని 70 సార్లు గుణించి చూడండి: సుమారు 0.5 వస్తుంది. అంటే 70 ఏళ్ళ కొలతల్లో అలాంటి వరద ఒక్కటీ కనిపించకపోయే అవకాశం దాదాపు సగం! ప్రాబబిలిటీ క్లాసులో నిద్రపోయేవాళ్ళు ఇది గమనించగలరు.

జిన్‌జిగ్ అనే ఊళ్ళో ఒక దివ్యాంగుల వసతి గృహం ఉంది. ఆ రాత్రి అందులో 12 మంది మునిగిపోయారు. వాళ్ళ ఫోన్లు మోగినా, పై అంతస్తుకి చేర్చే చేతులు కావాలి కదా. మేము ‘సామాజిక దృఢత్వం’ అని పెద్ద పేరు పెట్టుకున్నది ఈ చేతుల గురించే.

ఆ తర్వాత జర్మనీ 2023 ఫిబ్రవరిలో సెల్ బ్రాడ్‌కాస్ట్ ప్రారంభించింది. ఎస్సెమ్మెస్ అయితే ఒక్కో నంబరుకీ విడివిడిగా వెళ్ళాలి. ఇందులో టవర్ ఒక్కసారి ప్రసారం చేస్తే దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ అందుతుంది, నంబర్లతో పనే లేదు. 2023లో మన దగ్గర ఫోన్లన్నీ ఒక్కసారిగా కీచుమన్న పరీక్ష గుర్తుందా? అదే టెక్నాలజీ.

నన్ను తీసుకున్నది ఈ సిగ్నల్ పని కోసమే. కానీ ఇప్పుడు నా రోజులో ఎక్కువ భాగం ఒక్క వాక్యం మీదే పోతోంది. “నీటిమట్టం 5 మీటర్లు” అని పంపితే అది తన ఇంట్లో ఎక్కడిదాకా వస్తుందో ఎవరికి తెలుస్తుంది? “కింది అంతస్తు మునుగుతుంది, బేస్‌మెంట్‌లోకి దిగకండి” అని రాయమంటుంది మా సోషియాలజిస్టు. ప్రతి ఇంటికీ ఆ మాట ఎలా ఇవ్వగలం అంటాడు హైడ్రాలజిస్టు. నేను ఆవిడ పక్షమే. వచ్చే నెల రెండు వాక్యాలనీ నది ఒడ్డున ఉండేవాళ్ళకే చూపించి, చదవగానే ఏం చేస్తారో అడగబోతున్నాం.