నొప్పి పోయింది, జబ్బు పోలేదు

పోయిన పొంగలి సెలవుల్లో ఎట్టయాపురం వెళ్ళినప్పుడు మా అవ్వకు దవడ పన్ను పోటు. రెండు రాత్రులు నిద్ర లేదు. లవంగం పెట్టుకుంది, అగ్గిపుల్లతో పుచ్చు గెలికింది. మూడోనాడు పొద్దున "నొప్పి పోయెమ్మా, ఇంకెందుకు డాక్టరు?" అంది. నేనూ సరే అన్నాను. నెల తిరిగేసరికి దవడ వాచింది, జ్వరం వచ్చింది, నోరు తెరవలేకపోయింది. అప్పుడు కోవిల్‌పట్టికి పరుగెత్తాం. అక్కడ పళ్ళ డాక్టరమ్మ చెప్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ ఇది.

పంటికి పైన గట్టి ఎనామెల్, దాని కింద డెంటిన్, నడుమ గుజ్జు. నరమూ రక్తనాళాలూ ఆ గుజ్జులోనే ఉంటాయి. తిన్న తీపిని నోటిలోని బాక్టీరియా ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఎనామెల్‌ను కరిగిస్తుంది. మా కోవిల్‌పట్టి కడలై మిట్టాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మాకు గర్వమే. కానీ బెల్లమైనా చక్కెరైనా బాక్టీరియాకు ఒకటే. తిన్నాక నోరు పుక్కిలించాలి.

వంకాయకూ పంటికీ మనం 'పుచ్చు' అనే అంటాం. వంకాయలో పురుగుంటుంది, పంట్లో ఉండదు.

పుచ్చు డెంటిన్‌ దాకా పోతే చల్లనీళ్ళు తాగినప్పుడు జివ్వుమంటుంది. గుజ్జును తాకితే పోటు. గుజ్జు చచ్చిపోతే నరమూ చస్తుంది, నొప్పి ఆగుతుంది. అవ్వకు జరిగింది ఇదే. బాక్టీరియా మాత్రం వేరు చివర దాటి ఎముకలో చీము పట్టిస్తాయి.

లవంగంలోని యూజినాల్ కాసేపు తిమ్మిరి పట్టిస్తుంది, అంతే. చచ్చిన గుజ్జుకు రక్తం అందదు కాబట్టి మాత్రలు మింగినా మందు అక్కడికి చేరదు. చీము తీసి, రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను పీకాలి. జ్వరం ఉన్నా, వాపు పాకుతున్నా డాక్టరు యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. అది తోడు మాత్రమే, అసలు వైద్యం కాదు.

నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా, వాపు గొంతు కిందికి దిగినా, ఊపిరి ఆడకపోయినా తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే ఆస్పత్రికి పోవాలి.

అవ్వ పన్ను పీకేశారు. ఇప్పుడు మా వీధిలో ఎవరైనా "పన్ను పోటు తగ్గిపోయింది" అంటే, "మరి చూపించుకున్నావా?" అని ముందు అడిగేది ఆమే.